ఆరేళ్లుగా డిక్కీలో టీ-లైన్ బాక్స్: కట్టించిన తీరు, వాడిన అనుభవం

2019 వేసవిలో నా బలేనో డిక్కీలో ట్రాన్స్‌మిషన్ లైన్ (టీ-లైన్) బాక్స్ పెట్టించాను, అంటే సబ్‌వూఫర్ (సబ్) అనే బేస్ స్పీకరును లోపల పొడవాటి సొరంగం ఉన్న పెట్టెలో బిగించడం. అప్పటి నుంచి ఆంప్లిఫయర్ మారింది, వైర్లు మారాయి, హెడ్ యూనిట్ (డాష్‌బోర్డులోని ప్లేయరు) రెండుసార్లు మారింది. బాక్స్ మాత్రం అదే. దీని గురించి తెలుగులో అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే మంచీ చెడూ రెండూ వివరంగా రాస్తున్నాను.

అంతకు ముందు 12 అంగుళాల సబ్‌తో రెడీమేడ్ పోర్టెడ్ బాక్స్ (గాలి బయటికి పోయే గొట్టం ఉన్న పెట్టె) ఉండేది. గట్టిగానే కొట్టేది. కాకపోతే ఏ పాట పెట్టినా ఒకటే మోత. 45, 50 హెర్ట్జ్ దగ్గర డిక్కీ తలుపు అదిరిపోయేది, దాని కింద స్వరాలు ఉన్నాయో లేదో తెలిసేది కాదు. నేను ఎక్కువగా వినేది 80ల నాటి పాటలు. వాటిలో బేస్ గిటార్ ఒకచోట కూర్చోదు, పైకీ కిందికీ నడుస్తూనే ఉంటుంది. ఆ నడకే వినపడకపోతే నాకు సబ్ ఉండి ఏం లాభం? టీ-లైన్ వైపు చూసింది అందుకే.

పనిచేసే పద్ధతి తేలికగానే అర్థమవుతుంది. సబ్ కోన్ (ముందుకీ వెనక్కీ ఊగే భాగం) ముందుకు ఎంత గాలి తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది. సీల్డ్ బాక్స్‌లో ఆ వెనక శబ్దాన్ని లోపలే మూసేస్తాం. టీ-లైన్‌లో దాన్ని ఒక పొడవాటి సొరంగం గుండా తిప్పి బయటికి వదులుతాం. సొరంగానికి ఒక చివర మూత, ఇంకో చివర నోరు. సొరంగం పొడవు ఏ శబ్దపు అలలో నాలుగో వంతు ఉంటుందో, ఆ శబ్దం దగ్గర లైన్ బలంగా పలుకుతుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 344 మీటర్లు వెళుతుంది. దాన్ని మనకు కావలసిన హెర్ట్జ్‌తో భాగించి, మళ్లీ నాలుగుతో భాగిస్తే పొడవు వచ్చేస్తుంది. 40 హెర్ట్జ్‌కి 2.15 మీటర్లు, 30 హెర్ట్జ్‌కి దాదాపు 2.87 మీటర్లు.

1965లో ఎ.ఆర్. బెయిలీ అనే ఇంగ్లండ్ ఇంజినీరు ఈ పద్ధతి మీద వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో రాశాడు. ఆయన సొరంగంలో గొర్రె ఉన్ని కూరి, వెనక శబ్దాన్ని అందులో ఇంకిపోయేలా చేశాడు. కారు ఆడియో వాళ్ల దారి వేరు. ఉన్ని తగ్గించి, సొరంగం నోట్లోంచి వచ్చే అడుగు బేస్‌ను కూడా వాడుకుంటారు. నాది ఈ రెండో రకం.

ఇంటి స్పీకరుకైతే 25 హెర్ట్జ్ దాకా దిగాలని ఆశపడొచ్చు. కారులో ఆ అవసరం లేదు. కారు లోపలి పొడవు రెండున్నర, మూడు మీటర్లకు మించదు కాబట్టి 60 హెర్ట్జ్ కింద క్యాబిన్ తనంతట తానే బేస్‌ను పెంచుకుంటూ పోతుంది. అందుకే లైన్ ట్యూనింగ్ 33 హెర్ట్జ్ దగ్గర ఆపాను. సబ్ 10 అంగుళాలది, కోన్ వైశాల్యం సుమారు 340 చదరపు సెంటీమీటర్లు. సొరంగం అడ్డకోత దానికి తగ్గకూడదని 400 దగ్గర పెట్టుకున్నాను. హార్న్‌రెస్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని సరిచూసుకున్నాను. చివరికి బయటి కొలతలు 88 సెం.మీ. వెడల్పు, 42 లోతు, 38 ఎత్తుగా తేలాయి. లోపల మూడు వరుసలు, రెండు మలుపులు, నడిగీత వెంట కొలిస్తే 2.57 మీటర్లు. నా బలేనో డిక్కీ 339 లీటర్లు. బాక్స్ ఒక్కటే 140 లీటర్లు మింగేసింది.

చెక్క విషయంలో రాజీ పడలేదు. ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసే పలక) చౌక, కానీ మా విజయవాడ వానల్లో డిక్కీ తలుపు రబ్బరు ఒక్కచోట వదులైనా బిస్కెట్‌లా ఉబ్బుతుంది. 18 మి.మీ. నీటికి తట్టుకునే మెరైన్ ప్లై తీసుకున్నాను. ఎనిమిది అడుగులు ఇంటు నాలుగు అడుగుల షీటు ఒక్కటి సరిపోయింది, ఇంకా కొంచెం మిగిలింది. మా ఇంటి తలుపులు చేసిన వడ్రంగి బాబాయే కోసి బిగించాడు. లోపలి చెక్కలు చూసి, "బాబూ, ఈ అడ్డాలన్నీ ఎందుకు? మూత పడ్డాక ఎవరికి కనపడతాయి?" అన్నాడు. "కనపడటానికి కాదు బాబాయ్, గాలి మెలికలు తిరిగి వెళ్లాలి" అని చాక్‌పీసుతో నేల మీద గీసి చూపించాను. ఒక్క నిమిషం చూసి, "అయితే సందు లేకుండా పట్టాలి" అని, చెప్పకుండానే ప్రతి అడ్డానికీ గాడి తీసి, ఫెవికాల్ పెట్టి, అరడుగుకో స్క్రూ వేశాడు. ఆరేళ్లకు కూడా ఒక్క జాయింటు కిర్రుమనలేదంటే ఆ చేతి పని వల్లే.

పొరపాటు నాదగ్గర జరిగింది. ఒక్కో వరుస వెడల్పు 11.6 సెం.మీ. పెట్టాను. సబ్ లోతు 13. ముందు చెక్క మందం కలిపితే సరిగ్గా పడుతుందని లెక్క వేసుకున్నాను, పట్టింది కూడా. కానీ మ్యాగ్నెట్ వెనక గాలి రంధ్రానికీ అడ్డచెక్కకూ మధ్య అర సెంటీమీటరు కూడా మిగల్లేదు. కొంచెం వాల్యూమ్ పెంచగానే కొలిమి తిత్తి ఊదినట్టు బుస్సుమనే చప్పుడు. పావుగంట వాయించి, సబ్ విప్పి పట్టుకుంటే మ్యాగ్నెట్ చెయ్యి కాలేంత వేడి. మిగిలిన ప్లైలోంచి రెండు రింగులు కోయించి, సబ్‌ను 36 మి.మీ. బయటికి జరిపాను. వెనక నాలుగు సెంటీమీటర్ల ఖాళీ వచ్చింది, బుస్సు ఆగింది. మీరు కట్టేటప్పుడు లైన్ పొడవు కన్నా ముందు మ్యాగ్నెట్ వెనక ఖాళీ చూసుకోండి. కనీసం ఒక అంగుళం ఉండాలి.

లీకులు చూడటానికి అగరబత్తి వాడాను. సబ్‌కి నెమ్మదిగా 25 హెర్ట్జ్ టోన్ ఇచ్చి, జాయింట్ల వెంట అగరబత్తి నడిపిస్తే, సందు ఉన్నచోట పొగ వణుకుతుంది. కుడివైపు మూలలో ఒకచోట వణికింది, సిలికాన్ పెట్టాం. తర్వాత టోన్‌ను 45 నుంచి ఒక్కో హెర్ట్జ్ దించుకుంటూ వచ్చాను. వేలి కొన కోన్ అంచుకు ఆనించి ఉంచితే 38 దాకా కొట్టుకుంటున్నది కాస్తా 32 దగ్గరికి వచ్చేసరికి దాదాపు నిలబడిపోయింది. అదే సమయంలో సొరంగం నోటి దగ్గర పెట్టిన చేతికి గాలి తపతపా తగులుతోంది. కోన్ కదలడం లేదు, శబ్దం మాత్రం వస్తోంది. కాగితం మీద వేసిన లెక్క నా వేలికి తెలిసిన క్షణం అది, ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇక వినికిడి. బేస్ గిటార్ మామూలు తీగల్లో అన్నిటికన్నా కింది స్వరం 41 హెర్ట్జ్. అక్కడి నుంచి 80 దాకా ప్రతి మెట్టూ దాదాపు ఒకే బరువుతో పలుకుతుంది. ఇంతకాలం విన్న పాటల్లోనే చరణం ముందు బేస్ ఎలా మెట్లు దిగుతుందో మొదటిసారి కారులో విన్నాను. కచేరీ రికార్డింగుల్లో మృదంగం ఎడమవైపు గుంకీ సాగి వచ్చేటప్పుడు ఆ సాగడం కూడా తెలుస్తుంది. మోత విషయంలో మాత్రం నిజం చెప్పాలి. ఒకే దెబ్బ ఎంత గట్టిగా అనేదే మీ కొలబద్ద అయితే పాత 12 అంగుళాల పోర్టెడ్ బాక్సే దీన్ని మించుతుంది. ఇదే 10 అంగుళాల సబ్ 40 లీటర్ల పోర్టెడ్ బాక్స్‌లోనూ బాగానే మోగుతుంది. నేను అదనంగా వంద లీటర్లు ఇచ్చింది స్వరాల స్పష్టతకే, నాకు అది గిట్టుబాటైంది.

క్రాస్‌ఓవర్ (సబ్‌కి ఎంత పై శబ్దం దాకా పంపాలో చెప్పే సెట్టింగు) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టుకోండి. లైన్ మూడో హార్మోనిక్, అంటే ట్యూనింగ్‌కు మూడు రెట్ల శబ్దం, 100 హెర్ట్జ్ చుట్టూ వస్తుంది, దాన్ని సబ్ దాకా రానివ్వకూడదు. అలాగే 32 కింద సబ్‌కి లోపలి గాలి ఆసరా ఉండదు, కోన్ విచ్చలవిడిగా ఊగుతుంది. సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది శబ్దాలను కోసేసే సెట్టింగు) 27 దగ్గర పెట్టాకే వాల్యూమ్ పెంచండి.

లోపల దిండ్లలో వేసే పాలిస్టర్ దూది మొదట మొత్తం లైనంతా కూరాను. బేస్ మెత్తబడిపోయింది. తర్వాత మూసిన చివర వైపు మూడో వంతులో మాత్రం ఉంచి మిగతాది లాగేశాను, ప్రాణం తిరిగొచ్చింది. ఆ దూదే 2021లో ఇంకో తంటా తెచ్చింది. కారు నెలన్నర కదలకుండా ఉన్నప్పుడు సొరంగం నోట్లోంచి ఎలుక దూరి గూడు కట్టింది. స్టార్ట్ చేసి పాట పెడితే బేస్ పీలగా ఉంది, వాసన కూడా. సబ్ విప్పి చూస్తే దూది, కార్పెట్ ముక్కలు, సబ్ వైరు తొక్క కొరికి ఉంది. నోటికి ఇనుప జాలి బిగించాను. పెద్ద కళ్ల జాలి కావడంతో శబ్దంలో తేడా ఏమీ తెలియలేదు. ఈ పని మొదటి రోజే చేయాల్సింది.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది స్టెప్నీ. అది డిక్కీ నేల కింద ఉంటుంది, దాని మీద 34 కిలోల బాక్స్. 2020లో హైదరాబాద్ నుంచి వస్తుంటే సూర్యాపేట దాటాక రాత్రి పదింటికి పంక్చర్. మా ఆవిడ ఫోన్ లైటు పట్టుకుంటే, బెల్టులు విప్పి, వైర్లు ఊడదీసి, ఒక్కణ్నే బాక్స్ రోడ్డు పక్కకి దించాను. నడుము నాలుగు రోజులు పట్టేసింది. ఇంటికొచ్చాక బాక్స్‌కు రెండు వైపులా ఇనుప పిడులు బిగించి, వైర్లకు ఒక్క తిప్పుతో ఊడే స్పీకాన్ కనెక్టర్ పెట్టాను. బెల్టులు మాత్రం ఎప్పుడూ తీయొద్దు. గట్టిగా బ్రేక్ వేస్తే ఆ బరువు వెనక సీటు మీదికి వస్తుంది, అక్కడ పిల్లలు కూర్చుంటారు.

వైరు సంగతి క్లుప్తంగా: రాగి పూత పూసిన అల్యూమినియం వైరు కొని మోసపోయాను, బేస్ పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారేవి. అసలు రాగి 4 గేజ్ వేశాక ఆగింది. బ్యాటరీ దగ్గర అడుగున్నర లోపే ఫ్యూజు ఉండాలి. ఎండాకాలం మా ఊళ్లో డిక్కీ 45 డిగ్రీలు దాటుతుంది. వేడి గాలిలో శబ్దం వేగం పెరిగి లైన్ ట్యూనింగ్ ఒక హెర్ట్జ్ పైచిలుకు పైకి జరుగుతుంది, చెవికి తెలియదు. చెవికి తెలిసేది నంబరు ప్లేటు గలగల. అదురు తగ్గించే బ్యుటైల్ రబ్బరు షీటు వేశాను, ప్లేటు వెనక రబ్బరు అంటించాను, అయినా 47 హెర్ట్జ్ దగ్గర ఇంకా సన్నగా పలుకుతుంది.

మా బావమరిది తన కారులో కూడా కావాలంటున్నాడు. చిన్న డిక్కీ, అందుకే 8 అంగుళాల సబ్‌కి 2.3 మీటర్ల లైన్ గీశాను, 55 లీటర్లకు లోపే వస్తోంది. ఈసారి మొదటి వరుస 16 సెంటీమీటర్లు పెట్టి, మిగతా రెండూ సన్నగా, ఎత్తుగా ఉంచాను. అట్టముక్కలతో నమూనా చేసి డిక్కీలో పెట్టి చూశాం, స్టెప్నీ మూత సగం తెరుచుకుంటోంది. ఆదివారం షీటు తీసుకుని బాబాయ్ దగ్గరికి వెళ్తున్నాం.