పోర్ట్ టౌన్‌సెండ్: ఊరికి నూరు మార్కులు, బసకి సున్నా

అమెరికాలో సియాటిల్ దగ్గరున్న పాత రేవు ఊరు పోర్ట్ టౌన్‌సెండ్‌లో హోటల్ గది రాత్రికి 219 డాలర్లు. పన్నులు కలిపితే 246. అంత కట్టాక దొరికింది మూడో అంతస్తులో చిన్న గది. లిఫ్ట్ లేదు. బాత్రూమ్ వరండా చివర, అదీ పక్క గదివాళ్లతో ఉమ్మడి. బుకింగ్ అప్పుడు "విక్టోరియన్ వైభవం" అని ఊరించినవాళ్లు ఈ సంగతి ఒక్క ముక్కయినా చెప్పలేదు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, కింద గది ఇవ్వండి అంటే కౌంటర్ దగ్గరావిడ నవ్వుతూ "ఇది చారిత్రక భవనం కదా" అంది. వేడినీళ్లు రాలేదన్నా అదే జవాబు, కిటికీ తెరుచుకోవట్లేదన్నా అదే. డబ్బు వెనక్కి ఇమ్మంటే మాత్రం చరిత్ర వదిలేసి పాలసీ ఎత్తుకుంది. అత్తయ్యగారు రెండు మెట్లకోసారి ఆగుతూ ఎక్కారు, ఆ రాత్రి మళ్లీ నోరు విప్పలేదు. మా ఆయన ఫోన్లో తల దూర్చేశారు.

ఊరు మాత్రం నిజంగా బాగుంది. సముద్రం నుంచి ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలోకి వచ్చే ఓడలకి మొదట్లోనే తగిలే రేవు ఇది, కస్టమ్స్ ఆఫీసు కూడా ఇక్కడే ఉండేది. 1880ల చివర్లో రైలు కూడా వచ్చేస్తుందని, ఇక సియాటిల్ తమ వెనకే అని నమ్మి, అప్పులు చేసి మరీ మేడలు కట్టేశారు. పట్టాలు కొన్ని మైళ్లు వేసి రైలు కంపెనీ చేతులెత్తేసింది. పైన 1893 మాంద్యం. జనం ఊరొదిలి పోయారు. పాతవి కూల్చి కొత్తవి కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేదు కాబట్టే ఆ మేడలు మిగిలాయి. 1977లో పాత ఊరంతటికీ జాతీయ చారిత్రక గుర్తింపు వచ్చింది. అత్తయ్యగారిది కాకినాడ. కథంతా విని, "రేవు ఒక్కటుంటే సరిపోతుందా, రైలుండాలి గానీ" అని తేల్చేశారు. పొద్దుట్నుంచీ ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే.

కింద వాటర్ స్ట్రీట్‌లో అప్పట్లో నావికులు, సారా కొట్లు. పరువైన కుటుంబాలు గట్టు మీద ఉండేవి. హాలర్ ఫౌంటెన్ వెనక మెట్లు ఫోటోలకి బాగుంటాయి, పెద్దవాళ్లతో వెళ్తే మాత్రం కారులోనే పైకి వెళ్లండి. 1892 నాటి ఎర్ర ఇటుకల కోర్టు, దాని గడియారం గోపురం చూసి తీరాలి. పదివేల మంది ఊరికి అంత కోర్టు ఏంటా అనిపిస్తుంది, వాళ్ల ఆశ అంత పెద్దది మరి. 1868 నాటి రోత్స్‌చైల్డ్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, తెరిచి ఉండే రోజులు ముందే చూసుకోండి. 1889లో కట్టిన స్టారెట్ హౌస్ అనే పాత మేడని బయట నుంచి చూశాం.

ఒకప్పటి సైనిక కోట, ఇప్పుడు పార్కు అయిన ఫోర్ట్ వర్డెన్‌లో కారు నిలపడానికి డిస్కవర్ పాస్ అనే రోజు టికెట్ 10 డాలర్లు, ఆ ప్రయాణంలో నొప్పి తెలియకుండా ఇచ్చిన డబ్బు అదొక్కటే. పాత ఫిరంగుల స్థావరాల చీకటి గదుల్లో మా ఆయన చిన్నపిల్లాడిలా తిరిగారు. అత్తయ్యగారు పాయింట్ విల్సన్ దీపస్తంభం కనిపించేచోట బెంచీ మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర అందరికీ పెట్టారు.

సియాటిల్ వైపు వాళ్లకి నా సలహా: పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇంటికి చేరిపోండి. రాత్రి ఉండి తీరాలంటే బాత్రూమ్ గదిలోనే ఉందా, ఎన్నో అంతస్తు అని ఫోన్ చేసి అడిగాకే డబ్బు కట్టండి. వేసవి ఆదివారం సాయంత్రం కార్లని నీళ్లు దాటించే కింగ్‌స్టన్ ఫెర్రీ దగ్గర కార్ల క్యూ గంటల తరబడి కదలదు. దాని బదులు పోర్ట్ టౌన్‌సెండ్ నుంచే వెళ్లే కూప్‌విల్ ఫెర్రీకి ముందే రిజర్వేషన్ చేసుకుని, విడ్బీ దీవి మీదుగా వెనక్కి రండి.