లోయ దాటించడానికి రోమన్లకు ఏది మేలు: కమానుల వంతెనా, సీసపు సైఫనా?

రోమన్ల నీటి కాలువల గురించి ఎప్పుడు రాసినా పాఠకులు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే గొట్టంలో రెండు కొసలా నీరు ఒకే ఎత్తున నిలుస్తుంది కదా, అలాగే లోయలోకి గొట్టాలు దింపి అవతలి గట్టుకు ఎక్కించకుండా, అంత ఎత్తైన రాతి కమానులు ఎందుకు కట్టారన్నది ఆ ప్రశ్న. తెలియక కాదు. క్రీ.పూ. 2వ శతాబ్దంలోనే, నేటి టర్కీలోని గ్రీకు నగరం పెర్గమోన్‌కు సుమారు 190 మీటర్ల లోతు దిగి ఎక్కే గొట్టంలో నీరు తెచ్చారు. ఇలా లోయలోకి దిగి అవతలికి ఎక్కే గొట్టాల వరుసనే సైఫన్ అంటారు. రోమన్లూ అవసరమైన చోట సైఫన్లు వేశారు. కాబట్టి రెండు పద్ధతులూ తెలిసినవారు ఎక్కడ దేన్ని ఎంచుకున్నారో చూడాలి.

సైఫన్‌కు మంచి ఉదాహరణ నేటి ఫ్రాన్సులోని లియోన్ నగరానికి నీరు తెచ్చిన జియే కాలువ. సుమారు 85 కిలోమీటర్ల ఆ కాలువ మీద నాలుగు సైఫన్లు ఉండేవి. వాటిలో పెద్దదైన బోనాన్ సైఫన్ 2.6 కిలోమీటర్ల పొడవున, 123 మీటర్ల లోతుకు దిగేది. కాలువ నీరు గట్టు మీది తొట్టిలో చేరి, అక్కడి నుంచి పక్కపక్కనే పరచిన సీసపు గొట్టాల్లోకి దిగి, అవతల కొద్దిగా తక్కువ ఎత్తున ఉన్న మరో తొట్టిలోకి ఎక్కేది. అడుగున గొట్టం మీద పడే పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 12 కిలోలు. దాన్ని కొంతైనా తగ్గించడానికి లోయ అడుగున మళ్లీ ఒక వంతెన కట్టి, గొట్టాలను దాని మీదుగా నడిపారు. అంటే సైఫన్ వేస్తే వంతెన ఖర్చు పూర్తిగా తప్పుతుందన్న మాట నిజం కాదు.

కమానుల పక్షాన నిలిచేది ఫ్రాన్సులోనే ఉన్న నీమ్ నగరపు కాలువలోని పోన్ దు గార్ వంతెన. మూడు అంతస్తుల కమానులతో దాదాపు 49 మీటర్ల ఎత్తు. సుమారు 50 కిలోమీటర్ల కాలువలో మొత్తం దిగుడు 12.6 మీటర్లు మాత్రమే. నీరు పల్లమెరుగు అంటాం గానీ, కిలోమీటరుకు పాతిక సెంటీమీటర్ల పల్లాన్ని అంత దూరం నిలబెట్టడం ఎంత నేర్పరితనమో ఆలోచించండి. రాయి దగ్గరలోని గనుల్లోనే దొరికింది. సీసమైతే గనుల నుంచి తెప్పించి, రేకులుగా పోతపోసి, గొట్టాలుగా చుట్టి, అతుకులు పెట్టాలి.

ఈ చర్చ సాధారణంగా ఖర్చు దగ్గరే ఆగిపోతుంది. నా దృష్టిలో తేల్చేది ఖర్చు కాదు, మనిషి లోపలికి దిగి శుభ్రం చేయగలడా లేదా అన్నదే. నీమ్ నీటిలో సున్నం ఎక్కువ. అది పొరలు పొరలుగా గోడలకు పేరుకుని రాయిలా గట్టిపడింది. నేటికీ మిగిలిన కాలువలో ఆ పొర కొన్ని చోట్ల 40 సెంటీమీటర్లకు మించి కనిపిస్తుంది. వంతెన మీది కాలువ సుమారు 1.2 మీటర్ల వెడల్పు, మనిషి నిలబడగలిగినంత ఎత్తు. నీరు మళ్లించి పనివాడు లోపలికి దిగితే, ఆ పొరను చెక్కి తీయగలడు. అదే నీరు సీసపు గొట్టంలో పారితే కొన్నేళ్లకు గొట్టం లోపలి వెడల్పు తగ్గిపోతుంది, గొట్టాన్ని కోస్తే తప్ప లోపల ఏముందో తెలియదు. మట్టి పేరుకున్నా, అతుకు ఊడినా ఇదే ఇబ్బంది. గొట్టాలు పలు వరుసల్లో ఉంటాయి కాబట్టి ఒకదాన్ని ఆపి మిగిలినవాటిలో నీరు నడపవచ్చన్నది సైఫన్‌కు న్యాయంగా ఇవ్వవలసిన మార్కు.

కమానులకు లోపాలు లేవని కాదు. క్రీ.శ. 97లో రోము నగర జల వ్యవస్థకు అధిపతి అయిన ఫ్రాంటినస్, భూగర్భ కాలువల కంటే కమానుల మీది భాగాలే వయసుకూ వాతావరణానికీ ఎక్కువగా దెబ్బతింటాయని స్పష్టంగా రాశాడు. క్రీ.శ. 52లో పూర్తయిన క్లాడియా కాలువ కొంతకాలానికే పాడై తొమ్మిదేళ్లు ఆగిపోయిందని, తాను బాగు చేయించానని వెస్పాసియన్ చక్రవర్తి 71లో శాసనం వేయించాడు. మరో పదేళ్లకు ఆయన కొడుకు, తర్వాతి చక్రవర్తి టైటస్ మళ్లీ మరమ్మతు శాసనం వేయించవలసి వచ్చింది. అయినా కమానుల మీద వచ్చిన బీట కంటికి కనబడుతుంది, కారే చోటు తెలుస్తుంది. ఫ్రాంటినస్ చేతి కింద ఇలాంటి పనులకు దాదాపు 700 మంది బానిసలు ఉండేవారు. వారికి చేయి పెట్టే వీలున్న కట్టడమే మేలు.

మరి లియోన్‌లో సైఫన్లు ఎందుకంటే, అక్కడ 123 మీటర్ల ఎత్తున కమానులు కట్టడం వారి శక్తికి మించిన పని. రోమన్ వంతెనలు సాధారణంగా 50 మీటర్లు దాటలేదు. పైగా పిలా కొండల నుంచి వచ్చే ఆ నీటిలో సున్నం తక్కువ, కాబట్టి గొట్టాలు పూడుకుపోయే భయమూ తక్కువే. అక్కడ వారి ఎంపిక సరైనదే.

లోయ చుట్టూ తిప్పి తీసుకుపోవడం, కొండకు సొరంగం తవ్వడం కూడా ఉన్నాయి గానీ, మొదటిది పొడవు పెంచి వాలును తినేస్తుంది, రెండోది లోయకు పనికిరాదు.

లోతు 50 మీటర్ల లోపైతే నా ఓటు కమానులకే. స్పెయిన్‌లోని సెగోవియా కాలువ ఇందుకు సాక్ష్యం. అక్కడ కూలిన 36 కమానులను 15వ శతాబ్దంలో మళ్లీ కట్టారు. కట్టినవారు రోమన్లు కారు, సామ్రాజ్యం పోయి వెయ్యేళ్లు దాటింది. అయినా పాత కమానులు కళ్లెదుటే ఉన్నాయి కాబట్టి వాటిని చూసి కొత్తవి కట్టగలిగారు, ఆ కాలువ 20వ శతాబ్దం దాకా ఊరికి నీరిచ్చింది. లియోన్ సైఫన్లలోని సీసమంతా అప్పటికి ఎప్పుడో ఊడదీసుకుపోయారు.