పాత నెట్‌వర్క్ స్విచ్ కొంటున్నారా? పచ్చ లైటు వీడియో చూసి డబ్బు పంపకండి

సెకండ్ హ్యాండ్ నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్లను కేబుళ్లతో ఒకదానికొకటి కలిపే పెట్టె) కోసం వెతుకుతున్నవారు, ముఖ్యంగా సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) కోసం ఇంట్లో చిన్న ల్యాబ్ పెట్టుకోవాలనుకునే పిల్లలు, డబ్బు పంపే ముందు ఇది కాస్త ఓపికగా చదవండి. పద్నాలుగేళ్లుగా ఆఫీసుల్లో ఇవే పెట్టెలు బిగిస్తూ, విప్పుతూ బతుకుతున్నవాణ్ని. నేనే మోసపోయాను.

అమీర్‌పేటలో కోర్సులో చేరిన మా మేనల్లుడికి కంప్యూటర్‌లోని సిమ్యులేటర్ మీద విసుగు పుట్టింది. "అసలు పెట్టె ఒకటి ఉంటే బాగుంటుంది మామయ్యా" అన్నాడు. ఆన్‌లైన్‌లో వెతికితే 24 పోర్టుల (కేబుల్ తగిలించే రంధ్రాల) మేనేజ్డ్ స్విచ్, అంటే సెట్టింగులు మనమే మార్చుకోగల రకం, ఒకటి 5,800 రూపాయలకు కనబడింది. కొరియర్‌కు మరో 400. అమ్మే ఆయన ఇరవై సెకన్ల వీడియో పంపాడు. సిస్టమ్ లైటు పచ్చగా వెలుగుతోంది. మొదటి పోర్టులో కేబుల్, దాని మీద చిన్న లైటు మినుకుమినుకుమంటోంది. "టెస్టింగ్ అంతా ఓకే సార్, మొన్నటి వరకు ఒక కంపెనీలో నడిచిందే" అన్నాడు. ఆ మాట నిజమే కావచ్చు. చిక్కంతా అందులోనే ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

పెట్టె వచ్చిన రోజు రాత్రి ప్లగ్గు పెట్టాం. ఫ్యాన్లు గోల చేశాయి, సిస్టమ్ లైటు పచ్చగా మిణకడం మొదలుపెట్టింది. ఈ రకం స్విచ్‌లలో అలా మిణుకుతున్నంతసేపూ లోపల స్వీయ పరీక్షలు జరుగుతుంటాయి. మెమొరీ సరిగా ఉందా, పోర్టులను నడిపే చిప్పు పలుకుతోందా, ఆ చిప్పు తనకు తాను పంపుకున్న ప్యాకెట్టు (డేటా ముక్క) మళ్ళీ తన దగ్గరికి వస్తోందా అని చూసుకుంటుంది. అన్నీ కుదిరితే పచ్చ లైటు నిలకడగా వెలుగుతుంది. మా దానికి కాషాయం రంగు వచ్చింది. ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టినా కాషాయమే. నాలుగోసారి పచ్చగా వెలిగింది! వాడు గంతులు వేశాడు. తెల్లవారి ఆన్ చేస్తే మళ్ళీ మొదటికొచ్చింది.

లైటును నమ్మి లాభం లేదని కన్సోల్ కేబుల్ (స్విచ్ లోపల జరిగేది కంప్యూటర్ తెర మీద అక్షరాల్లో చూపే తీగ) తగిలించి, సెకనుకు 9600 బిట్ల వేగంలో తెర మీద ఏం వస్తోందో చూశాను. ఒకసారి మెమొరీ పరీక్ష దగ్గర ఆగింది. ఇంకోసారి అది దాటి పోర్టుల పరీక్ష దగ్గర తప్పింది. మరోసారి సగంలో మొదటి నుంచి మొదలైంది. ఇలాంటివి చూసేవారికి ఇక్కడ ఒక గుర్తు చెబుతాను. ప్రతిసారీ ఒకే పరీక్ష, ఒకే చోట తప్పితే ఆ చిప్పును అనుమానించాలి. తప్పే చోటు రోజుకోలా మారుతుంటే ముందు పవర్ సప్లైని (ఇంటి కరెంటును చిప్పులకు సరిపడే వోల్టేజీకి మార్చే భాగాన్ని) పట్టుకోవాలి. మూత విప్పగానే కారణం కంటికే కనబడింది. పవర్ సప్లై బయటికి వోల్టేజీ ఇచ్చే వైపు రెండు కెపాసిటర్ల (వోల్టేజీని నిలకడగా ఉంచే చిన్న డబ్బాల్లాంటి భాగాల) నెత్తులు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. పన్నెండు వోల్టులు ఉండాల్సిన చోట మల్టీమీటరు పదిన్నరకు, పదకొండుకు మధ్య ఊగింది.

వయసు మళ్ళిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు ఒక గుణం ఉంది. చల్లగా ఉన్నప్పుడు వాటి లోపలి నిరోధం పెరిగి వోల్టేజీ నిలకడ తప్పుతుంది, కాస్త వేడెక్కితే ఆ నిరోధం తగ్గుతుంది. అందుకే పొద్దున లేవని పెట్టె నాలుగుసార్లు తీసి పెడితే లేచి కూర్చుంటుంది. గంటసేపు నడిపి, వేడి మీద వీడియో తీస్తే పచ్చ లైటే కనబడుతుంది. అమ్మే ఆయనకు ఈ సంగతి తెలుసో లేదో నేను చెప్పలేను గానీ, ఆయన వీడియోలో స్విచ్ ఆన్ చేసిన క్షణం లేదు. అప్పటికే వెలుగుతోంది. నేను గమనించాల్సింది అదే.

ఒక మాట. చేతి అలవాటు లేనివారు పవర్ సప్లై జోలికి వెళ్లకండి. మన 230 వోల్టుల కరెంటు లోపల డీసీగా మారేసరికి సుమారు 325 వోల్టులు అవుతుంది. ప్లగ్గు పీకినా పెద్ద కెపాసిటర్‌లో కొంతసేపు నిలిచి ఉంటుంది. చేయి పెడితే పెద్ద దెబ్బే.

105 డిగ్రీలకు తట్టుకునే రకం కెపాసిటర్లు రెండు తెచ్చి మార్చాను, నూట ఇరవై రూపాయలు అయింది. రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున ఆన్ చేస్తే మెమొరీ పరీక్ష నిక్షేపంగా దాటింది. అప్పుడు బయటపడింది రెండో రోగం. పోర్టుల పరీక్ష దగ్గర 17 నుంచి 24 వరకు ఎనిమిది పోర్టులూ తప్పాయి. మళ్ళీ చేశాను, అవే ఎనిమిది. పదిసార్లు చేసినా అవే. ఇలాంటి స్విచ్‌లలో ఎనిమిదేసి పోర్టులకు ఒక చిప్పు ఉండడం మామూలే, దానికి దెబ్బ తగిలితే ఎనిమిదీ ఒకేసారి పోతాయి. బయటి సీసీ కెమెరా కేబుల్ మీదుగా పిడుగు పోటు వచ్చి ఉంటుందని నా ఊహ. దాన్ని మార్చడం ఇంట్లో అయ్యే పని కాదు, బయట చేయిస్తే పెట్టె ఖరీదు దాటుతుంది. వీడియోలో కేబుల్ ఒకటో పోర్టులోనే ఎందుకు ఉందో నాకిప్పుడు అర్థమవుతోంది.

అమ్మే ఆయన చెప్పిన "మొన్నటి వరకు నడిచిందే" అన్న మాట గురించి ఇంకొంచెం చెప్పాలి. 2014లో సిస్కో కంపెనీయే ఒక ప్రకటన చేసింది. 2005, 2010 మధ్య ఒకే సరఫరాదారు తయారుచేసిన మెమొరీ భాగాలు తమ కొన్ని పరికరాల్లో ఉన్నాయని, అవి నడుస్తున్నంతకాలం బాగానే నడిచి, కరెంటు తీసి పెట్టినప్పుడు లేవకపోవచ్చని దాని సారాంశం. ఏళ్ల తరబడి ఆపకుండా నడిచిన స్విచ్‌ను ర్యాకు నుంచి ఊడదీసి అమ్మకానికి పెట్టడమంటే, సరిగ్గా ఆ పరీక్షను మన ఇంట్లో, మన డబ్బుతో పెట్టుకోవడమే. కంపెనీ ఏదైనా, పాత పెట్టె విషయంలో ఈ భయం ఉండాల్సిందే.

తెర మీద కనబడిన సీరియల్ నంబరు, కింద అంటించిన స్టిక్కరు మీది నంబరు కూడా వేరు వేరు. రెండు చచ్చిన పెట్టెలు కలిపి ఒకటి చేశారేమో. ఈ వ్యాపారంలో ఇంతకంటే పెద్ద చేతులే ఉన్నాయి. పాత, తక్కువ రకం సిస్కో పరికరాలను కొత్త, ఖరీదైనవాటిలా మార్చి తెప్పించి అమ్మిన ఒకరికి 2024లో అమెరికా కోర్టు ఆరున్నరేళ్ల జైలు వేసింది.

నా ఫిర్యాదుకు జవాబు ముందు "పంపినప్పుడు బాగానే ఉంది సార్", తర్వాత "కొరియర్‌వాళ్లు పడేసి ఉంటారు", ఆ తర్వాత "మీరు మూత విప్పారు కదా, ఇక మాకు సంబంధం లేదు". మూడోది నా తప్పే. మూత విప్పేముందే కాషాయం లైటు, కన్సోల్ తెర, స్టిక్కరు కలిపి వీడియో తీసుకోవాల్సింది. మీరు ఆ పని చేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. ఆన్‌లైన్ అమ్మకాల వేదికలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలోపు పరిష్కరించాలని 2020 నిబంధనల్లో ఉంది. అందినట్టు జవాబైతే వచ్చింది.

కొనేముందు ఏమడగాలో సూటిగా చెబుతాను. ప్లగ్గు పీకి, కనీసం నాలుగైదు గంటలు చల్లారనిచ్చి, కన్సోల్ కేబుల్ తగిలించి, ఆన్ చేసిన క్షణం నుంచి లాగిన్ అడిగే దాకా తెర మీద వచ్చినదంతా పంపమనండి. పరీక్షల ఫలితాలు, సీరియల్ నంబరు అందులోనే ఉంటాయి. స్టిక్కరు ఫోటోతో సరిపోల్చుకోండి. తర్వాత ఒకే కేబుల్‌ను ఒకటి నుంచి చివరి పోర్టు వరకు వరసగా మారుస్తూ వీడియో తీయమనండి. కన్సోల్ కేబుల్ లేదంటే పరీక్షించలేదనే అర్థం.

పరీక్షలన్నీ దాటి, సాఫ్ట్‌వేర్ లేక ఆగిపోయిన స్విచ్ మాత్రం వేరే సంగతి. తక్కువకు వస్తే తీసుకోవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్‌ను కన్సోల్ కేబుల్ మీదుగా ఎక్కించేటప్పుడు, 9600 వేగంలో పది ఎంబీల ఫైలు ఎక్కాలంటే దాదాపు మూడు గంటలు పడుతుంది కాబట్టి, ముందు కన్సోల్ వేగం 115200కు పెంచుకోండి.

మా వాడు మిగిలిన పదహారు పోర్టులతోనే వీలాన్‌లు (ఒకే స్విచ్‌ను విడివిడి నెట్‌వర్కులుగా విడగొట్టడం) నేర్చుకుంటున్నాడు. నిన్న రాత్రి వాడే ఫోను తెచ్చి చూపించాడు. అదే అమ్మకందారు, అదే ఫోటో, స్టిక్కరు మూల చిరిగినచోట నీలి మార్కరుతో రాసిన అదే "ఓకే". ఆ చిరిగిన స్టిక్కరున్న పెట్టె ఇప్పుడు మా బల్ల మీద ఉంది. ధర మాత్రం 6,200 చేశారు.