కిట్ మంచిదే, ఆ నల్ల వైరే కొంప ముంచింది

అరసవల్లి రోడ్డులో మా కూల్‌డ్రింక్ షాపు ముందు ఒక ఆర్కేడ్ మెషీన్ ఉంది. పాత కంట్రోల్ ప్యానెల్ పాడైపోతే, ఆన్‌లైన్‌లో దొరికే ఇద్దరాడే జామ్మా (ఆర్కేడ్ బోర్డుల వైరింగ్ పద్ధతి) కిట్ తెప్పించి వేశాను. జాయ్‌స్టిక్‌లు, బటన్లు, వైరింగ్ అన్నీ ఒకే డబ్బాలో వచ్చాయి. అమ్మిన వాళ్ల పేరు రాయను. ఇదే సరుకు నలుగురైదుగురు వేరువేరు పేర్లతో అమ్ముతున్నారు. గేమ్‌లు ఎన్ని, బటన్ల సైజు ఎంత అన్నవి డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. కొత్తలో అడిగిన వాళ్లందరికీ "సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోకుండా మధ్యాహ్నం కూర్చుని సాయంత్రానికి బిగించేశాను, కళ్లు మూసుకుని కొనేయండి" అని చెప్పాను. బిగించడం వరకూ ఆ మాట ఇప్పటికీ నిజమే. తర్వాతి సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా గొడవంతా ఒక్క నల్ల వైరుతోనే. బటన్ కింద ఉండే మైక్రోస్విచ్‌కి మనం వాడే కాళ్లు రెండు. ఒక కాలికి ఆ బటన్‌కే సొంతమైన రంగు వైరు వచ్చి గేమ్ నడిపే బోర్డుకి పోతుంది. రెండో కాలు గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి పోయే దారి. బోర్డు తన ఇన్‌పుట్‌లన్నిటినీ రెసిస్టర్ల ద్వారా 5 వోల్టుల దగ్గర పట్టుకుని ఉంటుంది. బటన్ నొక్కితే ఆ ఇన్‌పుట్ గ్రౌండ్‌కి తగిలి సున్నాకి పడిపోతుంది, బోర్డు "నొక్కారు" అని లెక్క వేసుకుంటుంది. అంటే ప్రతి బటన్‌లోనూ సగం పని ఈ గ్రౌండ్‌దే. కిట్‌లో ఆ సగం పనిని ఒకే ఒక్క నల్ల వైరుకి అప్పగించారు. మొదటి ప్లేయర్ జాయ్‌స్టిక్ దగ్గర మొదలై, ఒక్కో బటన్ కాలి మీదుగా గెంతుకుంటూ, రెండు స్టార్ట్ బటన్లూ దాటి, రెండో ప్లేయర్ జాయ్‌స్టిక్ దగ్గర ఆగిపోతుంది. మధ్యలో ఎక్కడ లూజైనా అక్కడి నుంచి చివరి దాకా అన్నీ చచ్చినట్టే. వంశధార కాలువకి పైన గండి పడితే శివారు పొలాలకి నీరందనట్టు, మా మెషీన్‌లో ఎప్పుడూ రెండో ప్లేయరే శివారు.

అది తెగడం కూడా చూసి చూసి రథసప్తమి ముందు రాత్రే తెగింది. ఆ రాత్రి మా రోడ్డు ఎలా ఉంటుందో శ్రీకాకుళం వాళ్లకి చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి నుంచే దర్శనానికి క్యూ కడతారు, పిల్లలు షాపుల ముందు చేరతారు. ముస్తఫా గేమ్ ఇద్దరు కలిసి ఆడితేనే మజా అని తెలిసినవాళ్లు జంటలుగా వస్తారు. పదింటికల్లా ఫిర్యాదులు మొదలు. "ఏటన్నా ఇది, గుద్దు పడతంది గాని జంపు పడ్డంలేదు" అని ఒకడు. కాసేపాగితే జంపు పడుతుంది, కర్ర కదలదు. ఒక కుర్రాడు విసుగొచ్చి ప్యానెల్ మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు. అన్నీ పనిచేశాయి! ఇంకేముంది, అందరికీ అదే మందు. కొట్టుడు ఎక్కువైన కొద్దీ బాగుండే టైము తగ్గిపోయి, చివరికి రెండో వైపు పూర్తిగా పడుకుంది. ఆ రాత్రంతా ఒంటి ఆటే. సగం గల్లా పోయింది, పిల్లల చేత తిట్లు ఫ్రీ.

మర్నాడు టీవీలు బాగుచేసే ఒకాయన వచ్చి చూసి, "బోర్డు పోయిందండి, మార్చేయాలి" అనేశాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. బోర్డుకి రెండో ప్లేయర్ నుంచి వచ్చేవి విడివిడి వైర్లు, విడివిడి పిన్నులు. అన్ని ఇన్‌పుట్‌లూ ఒకే రాత్రి కూడబలుక్కుని పోతాయా? వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది నల్ల వైరొక్కటే.

అది తేల్చడానికి మల్టీమీటర్ కూడా అక్కర్లేకపోయింది. రెండు చివర్లా క్రొకడైల్ క్లిప్పులున్న మూరెడు వైరు తీసుకున్నాను. బోర్డు మెనూలో ఏ బటన్ పనిచేస్తోందో చూపించే ఇన్‌పుట్ టెస్ట్ తెర తెరిచి, ఒక క్లిప్పు మొదటి ప్లేయర్ బటన్ నల్ల కాలికి, రెండోది రెండో ప్లేయర్ బటన్ నల్ల కాలికి పెట్టాను. రెండో వైపు స్టార్ట్‌తో సహా అన్నీ ఒక్కసారిగా లేచి కూర్చున్నాయి. క్లిప్పు తీస్తే మళ్లీ పడుకున్నాయి. ఇక బోర్డు మార్చే టెన్షన్ లేదు.

ఆ తర్వాత పవర్ తీసేసి, మీటర్‌ని బీప్ మీద పెట్టి, ఒక ప్రోబ్ పవర్ సప్లై అయిన ఎస్‌ఎంపీఎస్ గ్రౌండ్ దగ్గర ఉంచి రెండోదాన్ని ఒక్కో కాలు మీదుగా జరుపుకుంటూ పోయాను. మొదటి ప్లేయర్ స్టార్ట్ దాకా బీప్ వచ్చింది, రెండో స్టార్ట్ దగ్గర ఆగింది. ఈ రెండిటి మధ్యనున్న, వైరు చివర బిగించి స్విచ్ కాలికి తొడిగే థింబుల్‌కి స్లీవ్ వెనక్కి లాగి చూస్తే ఒళ్లు మండింది. ఒకే థింబుల్‌లోకి వచ్చే వైరు, పోయే వైరు రెండూ కుక్కారు. వచ్చే వైరుని రాగి మీద నొక్కారు, పోయేదాన్ని పైనున్న ప్లాస్టిక్ తొడుగు మీద నొక్కారు. లోపల రాగి పోగులు నల్లబడి, ఒకటో రెండో మాత్రం లోహానికి ఆనుకుని ఉన్నాయి. ప్యానెల్ మీద కొట్టినప్పుడల్లా తగిలినవి అవే. మిగతా థింబుల్స్ కూడా లాగి చూస్తే కొన్ని కాలి మీద వదులుగా జారుతున్నాయి. నా స్విచ్‌ల కాళ్లు 4.8 మిల్లీమీటర్ల వెడల్పువి. జపాన్ రకం సన్న బటన్లకి 2.8 ఉంటుంది. మీవి ఏవో కొలిచి చూసుకునే థింబుల్స్ కొనండి, ప్లైయర్‌తో నొక్కి బిగువు చేద్దామంటే అది నాలుగు రోజుల ముచ్చటే.

నల్ల వైరు మొత్తం పీకేసి కొత్తది వేశాను. ప్రతి బటన్ నుంచీ విడిగా ఒక వైరు కనెక్టర్ స్ట్రిప్‌కి తేవడం అన్నిటికన్నా భద్రమే గాని, మూత వేసేటప్పుడు ఆ వైర్ల అడవి నలిగిపోతుందని దానికి పోలేదు. ఒక కాలి నుంచి ఇంకో కాలికి పోయే పాత చైన్‌నే ఉంచి, రెండు మార్పులు చేశాను. ఒకటి, ఇద్దరు ప్లేయర్లకీ వేరువేరు చైన్‌లు. జామ్మా అంటే 1985లో జపాన్ వాళ్లు పెట్టుకున్న పద్ధతి, అందులోని 56 పిన్నుల్లో ఎనిమిది గ్రౌండే. ఒక చివర 1, 2, ఇంకో చివర 27, 28, రెండు వైపులా కలిపి. అన్ని దారులుండగా కిట్ వాళ్లు రెండు వైపులకీ ఒక్క దారి పెట్టడం పిసినారితనం తప్ప ఇంకోటి కాదు. రెండోది, ఒక్కో చైన్ చివరని గాలికి వదలకుండా వెనక్కి తెచ్చి మళ్లీ గ్రౌండ్‌కే కలిపాను. ఇప్పుడు అది రింగు. ఎక్కడో ఒకచోట తెగినా అవతలి వైపు నుంచి గ్రౌండ్ అందుతుంది. అయిదు వైర్ల ప్లగ్గు వచ్చే జాయ్‌స్టిక్ అయితే దానికి గ్రౌండ్ ఒకటే ఉంటుంది, రింగు దాని గుండా పోదు. రింగు నుంచి చిన్న కొమ్మ తీసి దానికివ్వాలి.

వైరు లావు గురించి కంగారు పడకండి. ఒక్కో బటన్ గుండా పోయేది మిల్లీ ఆంపియర్ల లెక్క. బలం ఉండాల్సింది అతుకు దగ్గర. సోల్డర్ పోస్తే ఇంకా గట్టి కదా అంటారు. సోల్డర్ పీల్చుకున్న చోట వైరు పుల్లలా బిరుసెక్కి, దాని అంచు దగ్గరే విరుగుతుంది, ముఖ్యంగా దెబ్బలు తినే ప్యానెల్‌లో. సరైన క్రింపింగ్ టూల్‌తో నొక్కితే చాలు. టూల్ పక్కింటి ఎలక్ట్రీషియన్ దగ్గర ఎరువు తెచ్చాను. వైరు, థింబుల్స్ కలిపి మూడు నాలుగు వందలు దాటలేదు. ఆయన ఈ నల్ల వైరుని గోడ సాకెట్ ఎర్త్‌కి కలిపేద్దామన్నాడు, వద్దన్నాను. ఇనప ప్యానెల్‌కి ఎర్త్ విడిగా, ఆకుపచ్చ వైరుతో ఉండాల్సిందే. ఇది మాత్రం 5 వోల్టులు తిరిగి పోయే దారి, దీని చోటు ఎస్‌ఎంపీఎస్.

రింగు వేశాక ఎంత హాయో! సెలవుల్లో, జాతర్లలో ఎంత బాదినా రెండో ప్లేయర్ నుంచి ఒక్క ఫిర్యాదు లేదు. కనిపించిన ప్రతివాడికీ రింగు వేయమని చెప్పాను. వానాకాలంలో దుమ్ము దులుపుదామని మూత తీస్తే ఒక థింబుల్ కాలి నుంచి ఊడి వేలాడుతోంది. ఎప్పుడు ఊడిందో తెలీదు, ఎవడూ కనిపెట్టలేదు. రింగులో ఉన్న తిరకాసే ఇది. మొదటి తెగుడుని దాచేస్తుంది. రెండోది తెగితే ఆ రెండిటి మధ్యవి పోతాయి, అప్పుడు వెతకడం మామూలు చైన్ కన్నా కష్టం. అందుకని ఇప్పుడు అప్పుడప్పుడూ షాపు కట్టేముందు రింగు తోకని గ్రౌండ్ నుంచి ఊడదీసి, ఇన్‌పుట్ టెస్ట్‌లో బటన్లన్నీ ఒకసారి నొక్కి, మళ్లీ బిగిస్తున్నాను. ఈ ఓపిక లేనివాళ్లకి రింగు గురించి ముందు చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పలేను.

లైట్లు వెలిగే బటన్లు వేసేవాళ్లకి ఒక మాట. ఆ ఎల్‌ఈడీల గ్రౌండ్‌ని దయచేసి ఈ వైరు మీద వేయకండి. 12 వోల్టుల ఎల్‌ఈడీలు ఈ చైన్ మీదే ఉండగా గ్రౌండ్ తెగితే, బటన్ నొక్కినప్పుడు ఆ 12 వోల్టులకి ఎల్‌ఈడీ గుండా బోర్డు ఇన్‌పుట్‌లోకి దారి దొరుకుతుంది. టీవీ ఆయన చెప్పిన "బోర్డు పోయింది" అప్పుడు నిజమవుతుంది.

ఇక కొనాలా వద్దా అంటే, నాది రోడ్డు మీద మెషీన్. ఊళ్లో పిల్లలందరి చేతి దెబ్బలూ దీనికే. ఇంట్లో ఇద్దరు ఆడుకునేదానికైతే కిట్ చైన్ ఏళ్ల తరబడి నడవొచ్చు. ఒక్కో బటన్‌కీ జత వైర్లు వచ్చే యూఎస్‌బీ బోర్డు వాడితే ఈ గొడవే లేదు. జాయ్‌స్టిక్‌లు, బటన్లు మాత్రం ఈ ధరకి బాగున్నాయి, ఇప్పటిదాకా ఒక్క స్విచ్ కూడా మార్చలేదు. షాపు కోసమే కొంటుంటే డబ్బా రాగానే ప్రతి నల్ల థింబుల్‌నీ పట్టుకుని లాగి చూడండి. ఊడి చేతికొస్తే సంతోషించండి, పండగ నాడు ఊడేది ముందే ఊడింది.