వరస తెలియని వంశవృక్షం: డీఎన్‌ఏ కిట్ నాలుగేళ్ళు వాడాక

గొట్టంలో ఎంత ఉమ్మాలి, ఎలా పంపాలి అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది ఒక్కదాని గురించి. మనతో రక్తం కలిసినవాళ్ళ జాబితా ఇచ్చి, ఒక్కొక్కరి పక్కన బంధుత్వ అంచనా అని ఒక మాట రాస్తారు. ఆ ఒక్క మాట నా ఎనిమిది నెలలు తినేసింది. ఇప్పటికీ దాని మీద నా కోపం తగ్గలేదు.

మాది గౌడ కుటుంబం. సొంతూరు తాడికొండ పక్కన, ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. మా చిన్నప్పుడు తాత అరుగు మీద కూర్చోబెట్టుకుని, "మనం సర్వాయి పాపన్న మనుషులమే. కోట పడిపోయాక కృష్ణ దాటి ఇటొచ్చాం" అనేవాడు. మొగలుల చరిత్ర రాసిన ఖాఫీ ఖాన్‌కి పాపన్న వట్టి దారిదోపిడీ దొంగ. తెలంగాణలో పాడుకునే కథల్లో దొరలకి ఎదురు నిలిచిన వీరుడు. గీత కులంలో పుట్టి 1708లో ఓరుగల్లునే కొల్లగొట్టాడు, మరుసటేడు భువనగిరి మీద పడ్డాడు, 1710లో పట్టుబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. తాత చెప్పింది నిజమేనా అన్నది నాకు యాభై ఏళ్ళుగా ఉన్న ప్రశ్న. బడిలో సాంఘికశాస్త్రం చెప్పినన్నాళ్ళూ అది నాతోనే ఉంది.

2021లో డాలస్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు కిట్ తీసుకున్నాను. జాబితాలో మొదట కనిపించిన తెలుగు పేరు హ్యూస్టన్‌లో ఉండే ఒక కుర్రాడిది. ఇద్దరికీ కలిసింది 212 సెంటీమోర్గాన్లు (ఉమ్మడి డీఎన్‌ఏని కొలిచే లెక్క), అంచనా "సెకండ్ కజిన్". అంటే మా ముత్తాత, ముత్తవ్వల్లో ఒక జంట అతనికీ ముత్తాత, ముత్తవ్వ కావాలి. రాసి అడిగితే వాళ్ళది ఖమ్మం వైపు అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఓరుగల్లు నుంచి దిగి వచ్చేవాళ్ళకి ఖమ్మం దారిలోదే కదా! ఆ వారంలోనే కనిపించినవాళ్ళందరికీ ఈ కిట్ కొనమని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవాలి.

ఎనిమిది నెలలు ఇద్దరం కాగితాలు వెతికాం, ముత్తాతల పేర్లు పోల్చాం. ఒక్కటీ కలవలేదు. చివరికి మా పెద్దమ్మతో అతన్ని ఫోన్‌లో మాట్లాడించాను. ఆవిడకి ఎనభై ఆరేళ్ళు.

"మీ నాయనమ్మ పుట్టిల్లు ఏ ఊరు నాయనా?"

"కొలకలూరండి."

"ఆవిడ తల్లిది?"

అతను ఊరి పేరు చెప్పగానే పెద్దమ్మ వేళ్ళు మడిచి లెక్క పెట్టింది. వాళ్ళ నాయనమ్మ తల్లి మా ముత్తాత తమ్ముడి కూతురు. ఖమ్మం సంగతి వేరు. వాళ్ళ తాత కొత్తగూడెం బొగ్గు గనుల్లో పనికి పోయి అక్కడే స్థిరపడ్డాడు. అప్పటిదాకా నన్ను ఆంటీ అన్న కుర్రాడు ఆ పూట నుంచి అత్తయ్యా అంటున్నాడు. నాకు మేనల్లుడి వరస.

మరి రెండో కజిన్ ఎలా వచ్చింది? మా నాన్న తన అక్క కూతుర్నే చేసుకున్నాడు. అంటే మా తాత నాన్నకి తండ్రి, అమ్మకి కూడా తాతే. ఆయన రక్తం నాకు రెండు వైపుల నుంచీ వచ్చింది. అటు ఆ కుర్రాడి ఇంట్లోనూ రెండు మేనరికాలున్నాయి. అమ్మా నాన్నా ఒకరికొకరు ఏమీ కారని అనుకుని వేసే లెక్క మన ఇళ్ళకి సరిపోదు, దూరపు చుట్టాన్ని దగ్గరవాడిగా చూపిస్తుంది. దీనికి గుర్తు కూడా ఉంది. ఆ 212 పద్నాలుగు చిన్న చిన్న ముక్కలుగా ఉంది, పొడవైనది 21 దాటలేదు. దగ్గరి చుట్టమైతే ముక్కలు పొడవుగా ఉంటాయి, కాబట్టి మీరు చూడాల్సింది మొత్తం కాదు, ఆ పొడవైన ముక్క. ఈ మాట ఎక్కడో లోపలి పేజీలో ఉంది. అంచనా పక్కనే ఒక్క వాక్యం రాస్తే ఏం పోయింది? ఇంతమంది దక్షిణాదివాళ్ళ దగ్గర డబ్బు తీసుకుంటున్నారు, మేనరికం ఉందా అని ఒక్క ప్రశ్న అడగలేరా? అదీగాక వరసకి బావ, అన్న, మేనల్లుడు అయ్యే దూరపువాళ్ళు, పినతండ్రి కొడుకు అందరూ అక్కడ కజిన్లే. తండ్రి వైపు వరుస వెతికేవాళ్ళకి ఆ తేడాయే అసలు ఆధారం. నేను ప్రతి పేరు కిందా వరస నా చేత్తో రాసుకున్నాను.

పాపన్న విషయానికి వస్తే, మూడు వందల ఏళ్ళంటే పది పన్నెండు తరాలు. పది తరాల వెనక ఒక్కొక్కరికి 1,024 పూర్వీకుల స్థానాలుంటాయి, వాళ్ళలో చాలామంది రక్తం మనలో చుక్క కూడా మిగలదు. మగవైపు వరుసకి ఆడదాన్ని, నేను పనికిరాను. తమ్ముణ్ణి బతిమాలి, తండ్రి నుంచి కొడుక్కే దిగే వై క్రోమోజోమ్ పరీక్ష చేయించాను. హెచ్ అనే వంశ గుంపు అని వచ్చింది, దక్షిణాదిలో అది ఎందరికో ఉండేదే. ఆస్ట్రేలియా బందిపోటు నెడ్ కెల్లీని 1880లో ఉరితీస్తే, 2011లో అతని ఎముకల్ని సోదరి సంతతి నమూనాతో పోల్చి గుర్తుపట్టారు. అక్కడ ఎముకలున్నాయి, అక్కచెల్లెళ్ళ వరుస రాసిపెట్టి ఉంది. పాపన్న తల నరికి దర్బారుకి పంపించారు. దేనితో పోలుస్తాం?

ఇంకో అనుమానం కూడా నన్ను వదలడం లేదు. పాపన్న కోటల్లో ఒకటి స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర తాటికొండలో ఉంది. మాది తాడికొండ. ఏ కథ చెప్పేవాళ్ళ నోటనో తాటికొండ విని, మా పెద్దలు దాన్ని మన ఊరి పేరుగా అనుకున్నారేమో. తాత ఉంటే ఈ మాట ఆయన ఎదుట అనగలిగేదాన్ని కాదు.

అయితే 2023లో సిడ్నీ నుంచి ఒక అమ్మాయి పేరు వచ్చింది. ఈసారి ముక్కలు పొడవైనవి, తమ్ముడికీ నాకూ ఇద్దరికీ కలిశాయి. పెద్దమ్మకి చెబితే ఆ ఇంటికీ మనకీ సంబంధమే లేదంది. రెండు రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది. తాతకి ముందు ఒక పెళ్ళయిందట. ఆవిడ పురిట్లో పోతే, పుట్టిన పిల్లని అమ్మమ్మగారు తీసుకుపోయారట, తర్వాత రాకపోకలు లేవు. "ఆ పిల్ల బతికిందని మాకెవరికీ తెలీదమ్మా" అని ఏడ్చింది. సిడ్నీ అమ్మాయి ఆ పిల్లకి మనవరాలు. కిందటి సంక్రాంతికి మా ఇంటికి వచ్చి పెద్దమ్మ పక్కన పడుకుంది.

కొనమంటారా అంటే నేను గట్టిగా చెప్పలేను. నాకు డాలస్‌లో అమ్మాయి ఉంది, ఫోన్ ఎత్తే పెద్దమ్మ ఉంది. మీ ఇంట్లో మేనరికాలు లేకపోతే ఆ అంచనా కొంత నమ్మదగ్గదే కావచ్చు. ఉంటే మాత్రం ముందు ఇంట్లో పెద్దవాళ్ళ చేత వరసలు రాయించుకుని, తర్వాత ఉమ్మండి. పెద్దపేరున్న పూర్వీకుణ్ణి పట్టుకోవడానికే అయితే డబ్బు దండగ. నా చందా వచ్చే నెలతో అయిపోతుంది. సిడ్నీ అమ్మాయి వాళ్ళ పెదనాన్న కూడా పరీక్ష చేయించుకుంటానన్నాడు కాబట్టి ఇంకో ఏడాదికి కడుతున్నాను.