ఉదయగిరి కోటా, భైరవకోనా?

విద్యార్థులే బాధ్యత తీసుకుని నడిపే ఒకరోజు సాహసయాత్రకు నెల్లూరు నుంచి ఈ రెండింటిలో ఏది మేలన్నది జట్టును నడిపించేవారి అనుభవాన్ని బట్టి తేల్చవలసిన విషయం. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం ఎక్కేటప్పుడు, ఎండకూ ముళ్లపొదలకూ ఓర్చి చురుకైనవారు ముందుకు పోగా, అలసినవారు బండల చాటున కనుమరుగై వెనకబడతారు కనుక, ముందొకరు, చివరనొకరు నాయకులుగా ఉండి తీరాలి; తలకు మూడు లీటర్ల నీళ్లు, తెల్లవారుజామునే బయలుదేరడం తప్పనిసరి.

భైరవకోనలో నడక స్వల్పం. కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, జలపాతం దగ్గరదగ్గరగా ఉండటంతో అందరూ కంటిముందే ఉంటారు. అయితే వానల తర్వాత పాచిపట్టిన బండ మీద రబ్బరు చెప్పులు నిలవవు. కార్తీక పౌర్ణమినాడు జనసందోహంలో లెక్క తప్పుతుంది.

తొలిసారి జట్టును నడిపేవారికి నేను భైరవకోననే సూచిస్తాను. ఉదయగిరిని చలికాలానికి ఉంచుకోవచ్చు.