మైకు చొక్కాకు తగిలించి: తాడిపత్రి నుంచి ఒంటిమిట్ట దాకా నాలుగు రోజులు

రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుని 11 ఏళ్లయింది నాకు. అనంతపురంలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. చెవులు మందగించాక కూడా చాలా ఊళ్లు తిరిగాను కానీ అవన్నీ మాటలు లేని ఫొటోల్లాగే మిగిలాయి. గైడు చెప్పేది వినపడదు. అందరూ నవ్వితే నవ్వడం, అందరూ కదిలితే కదలడం, ఇంటికొచ్చాక చెల్లిని అడిగి తెలుసుకోవడం. ఈసారి అట్లా కాకూడదని గట్టిగా అనుకున్నాను. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందే చెల్లి, మరిది, నేను కారులో నాలుగు రోజులకు బయల్దేరాం. తాడిపత్రి, బెలుం గుహలు, గండికోట, కడప, ఒంటిమిట్ట.

ముందు నా సంచిలో ఉన్న వస్తువు గురించి చెప్పాలి. యాత్రంతా దాని మీదే నడిచింది. అగ్గిపెట్టెంత మైకు ఒకటి. మాట్లాడే మనిషి చొక్కాకో, చీర కొంగుకో క్లిప్పుతో తగిలించాలి. రెండోది నా మెడలో వేసుకునే తీగ, నెక్ లూప్ అంటారు. మైకు పట్టిన మాట వైర్ లేకుండానే నా రిసీవర్‌కు వస్తుంది. అక్కడి నుంచి మెడలోని తీగకు పోయి, దాని చుట్టూ సన్నటి అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. మిషన్ లోపల టెలికాయిల్ అని చిన్న రాగి తీగ చుట్ట ఉంటుంది. అది ఆ క్షేత్రాన్ని పట్టుకుంటే చెవిలో మాట వినపడుతుంది. ఇదంతా జరగాలంటే మిషన్‌ను 'టి' ప్రోగ్రామ్‌లోకి మార్చుకోవాలి.

మిషన్ పెట్టుకుంటే అన్నీ వినపడతాయని చాలామంది అనుకుంటారు. ఎదురుగా నాలుగడుగుల్లో కూర్చుని మాట్లాడితే నాకు బాగానే వినపడుతుంది. దూరం రెట్టింపయ్యే కొద్దీ మాట 6 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. చుట్టూ ఉన్న గోల మాత్రం తగ్గదు. మిషన్‌లో సౌండు పెంచితే గోలా పెరుగుతుంది. "సౌండు పెంచుకోరాదా అక్కా" అని చెల్లి అన్నప్పుడల్లా ఈ సంగతి ఎట్లా చెప్పాలో తెలియక ఏడుపొచ్చేది. మైకు మనిషి నోటికి జానెడు దూరంలో ఉంటే, ఆ మనిషి నా పక్కనే కూర్చుని మాట్లాడినట్టు ఉంటుంది. ఇంత చిన్న లెక్క నాకు అర్థమవడానికి ఇన్నేళ్లు పట్టింది. టెలికాయిల్ నా మిషన్లలో కొన్నప్పటి నుంచీ ఉంది. మూడేళ్లు లోపల ఊరికే పడి ఉంది. అమ్మినవాళ్లు చెప్పలేదు, ఉంటుందని తెలియక నేనూ అడగలేదు. చెవి లోపలికి పోయే చిన్న మిషన్లలో చాలావాటికి ఇది ఉండదు. ఉన్నా ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షించి మిషన్ అమర్చే నిపుణులు, ఆన్ చేసి ప్రోగ్రామ్ పెట్టాలి. కొత్తగా కొనేవాళ్లు దయచేసి ఈ ఒక్క మాట ముందే అడగండి.

తాడిపత్రిలో పొద్దున్నే ఉగ్గాని, బజ్జి తిని చింతల వెంకటరమణ స్వామి గుడికి వెళ్లాం. జనం లేరు. రాతి రథం చుట్టూ తిరుగుతూ చెల్లి మామూలుగా మాట్లాడుతుంటే మైకు లేకుండానే సగం అందింది. అక్కడ మా ముగ్గురికీ గంటన్నర హాయిగా గడిచింది.

అసలు పరీక్ష బెలుంలో. మాకు చిన్నప్పటి నుంచీ అది కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. 3 కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలో కిలోమీటరున్నర దాకా మనల్ని తిరగనిస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు, 1980లలో జర్మన్ బృందం లోపలికి దిగి కొలిచింది. ఈ రెండు సంగతులూ నేను బోర్డు మీద చదువుకున్నవి కావు, గైడు నోటి నుంచి నా చెవులతో విన్నవి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

గైడు పాతికేళ్ల కుర్రాడు. మైకు చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది రికార్డు చేస్తాదా మేడమ్?"

"లేదు నాయనా. నువ్వు చెప్పేది నా చెవిలోకి వస్తాది, అంతే."

వెంటనే కాలరుకు తగిలించుకున్నాడు. ఆ అబ్బాయికి నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. లోపల ఇరవై మంది ఒకేసారి మాట్లాడుతున్నారు, పిల్లలు అరుస్తున్నారు, గాలి కోసం పెట్టిన ఏర్పాటు మోత ఒకవైపు. రాతి గోడలకు తగిలి ప్రతి మాటా రెండు మూడుసార్లు వెనక్కి వస్తోంది. చెవులు బాగున్న మా మరిదికే సగం మాటలు అర్థం కాలేదు. నాకు మాత్రం ఆ అబ్బాయి మాట ఒక్కటే, ఊపిరితో సహా, శుభ్రంగా వచ్చింది. "వదినా, ఏమన్నాడు?" అని మరిది నన్ను అడిగాడు. ఈ ప్రశ్న నేను అడగడమే కానీ, నన్ను ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో!

లోపాలు కూడా చెప్పాలి. గైడు మలుపు తిరిగి రాతి వెనక్కి పోతే మాట తెగిపోయేది. ఈ తరహా మైకు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేస్తుంది. వాటికి బండరాయి పెద్ద అడ్డు, మనిషి శరీరం కూడా అడ్డే. నేను గుంపు చివర నడవడం మానేసి గైడు వెనకే నడిచాను. రెండోది ఉక్క. పాతాళగంగ దాకా దిగేసరికి చెమట చెవుల వెనక నుంచి కారుతోంది. రుమాలుతో తుడుస్తూనే ఉన్నాను. బెలుం వెళ్లేవాళ్లు రాత్రికి మిషన్లను తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టడం మరిచిపోవద్దు.

సప్తస్వరాల గుహ దగ్గర ఇంకో సంగతి తెలిసింది. గైడు రాతి ఊడల్ని మెల్లగా తడితే లోహపు గంటలా మోగుతాయి. నేను అక్కడ 'టి' నుంచి మిషన్ సొంత మైకుకు మార్చుకుని విన్నాను. స్వరం వణుకుతూ, కీచుమంటూ వచ్చింది. మనసు చివుక్కుమంది. తర్వాత గుర్తొచ్చింది: మిషన్ ఈల వేయకుండా ఆపే ఏర్పాటు, నిలకడగా మోగే స్వరాన్ని కూడా ఈలే అనుకుని అణచబోతుంది. ఆడియాలజిస్టు నాకు సంగీతానికి వేరే ప్రోగ్రామ్ పెట్టి ఇచ్చారు. అందులో ఆ ఏర్పాటు బాగా తగ్గించి ఉంటుంది. దానికి మార్చి మళ్లీ తట్టమన్నాను. ఈసారి స్వరం నేరుగా వచ్చింది, చివర సన్నగా తీగలా సాగి ఆగింది. మూడుసార్లు తట్టించుకున్నాను. వెనక జనం ఆగి ఉన్నా ఆ అబ్బాయి విసుక్కోలేదు.

గండికోటలో రాత్రి హరిత హోటల్లో ఉన్నాం. చుట్టూ గోల లేదు, భోజనాల హాల్లో జనం తక్కువ. వడ్డించే అతను ఏదైనా అడగాలంటే టేబుల్ దగ్గరికి వచ్చి మొహం చూసి అడిగాడు. నాకు అంతకంటే ఏం కావాలి.

కోటలో మాత్రం గాలి. ఎర్రమల కొండల్ని పెన్నా చీల్చుకుని పోయిన లోయ అంచున నిలబడితే గాలి మిషన్ల మైకుల్లో దూరి హోరుమని మోత పెడుతుంది. అక్కడికి వెళ్లిన మిషన్లవాళ్లు చాలామంది వాటిని తీసి జేబులో వేసుకుంటారు, ఇంతకుముందు నేనూ అదే చేశాను. 'టి'లో పెడితే మిషన్ సొంత మైకులు మూసుకుపోతాయి, గాలి హోరు ఒక్కసారిగా మాయమవుతుంది. చెల్లి కొంగులో ఉన్న మైకు నుంచి తన మాట ఒక్కటే వస్తుంది. ఎంత సుఖమో! అయితే ఇందులో ప్రమాదం ఉంది. చుట్టుపక్కల శబ్దం ఏదీ రాదు. నేను లోయ వైపు చూస్తూ వెనక్కి అడుగేస్తుంటే ఎవరో కేక వేశారట. నాకు తెలియదు. చెల్లి చెయ్యి పట్టి లాగింది. అప్పటి నుంచి బండల దగ్గర 'ఎంటీ'లోనే ఉన్నాను, అంటే తీగ మాట, బయటి శబ్దం రెండూ వచ్చే ప్రోగ్రామ్. గాలి హోరు కొంత భరించాలి, భరించాను.

జామా మసీదు, దాని దగ్గర్లోని ధాన్యాగారం చూశాం. ధాన్యాగారం లోపల రాతి కమాను కప్పు కింద మాట గుండ్రంగా తిరుగుతుంది. చెల్లి పది అడుగుల దూరం నుంచి మైకు లేకుండా పిలిస్తే శబ్దం తెలిసింది, మాట తెలియలేదు. మైకు పెట్టుకుని అదే దూరం నుంచి గుసగుసగా "ఆకలేస్తాంది" అంది. అది తెలిసింది.

కడపకు పోయే దారిలో ఒక రిజర్వేషన్ కౌంటర్ దగ్గర ఆగాం, వచ్చే నెల తిరుపతి టికెట్ కోసం. ఊరు, పేరు చెప్పను. మందపాటి అద్దం, అద్దం అవతల తల వంచుకున్న మనిషి, ఇవతల స్పీకరులో గరగర. మైకు లోపలికి ఇస్తానంటే తీసుకోలేదు, "వెనక ఎవరన్నా ఉంటే పిలుచుకోండి" అన్నారట. నేను పక్కకు జరిగాను, చెల్లి మాట్లాడింది. 38 ఏళ్లు ఉద్యోగం చేసిన మనిషిని, నా టికెట్ నేను అడిగి తీసుకోలేకపోయాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

ఇక్కడ కావలసింది పెద్ద యంత్రం కాదు. కౌంటర్ కింద ఒక తీగ చుట్ట, చిన్న యాంప్లిఫైయర్, లోపలి మనిషి ముందు మైకు. అద్దం ముందు నిలబడిన మనిషి మిషన్‌ను 'టి'లో పెట్టుకుంటే చాలు, ఏమీ తగిలించుకోనక్కర్లేదు. ఇంగ్లండులో చెవి బొమ్మ, పక్కన 'టి' అక్షరం ఉన్న బోర్డులు బ్యాంకుల్లో, పోస్టాఫీసుల్లో ఉంటాయి. హాలు మొత్తానికి కావాలంటే నేల చుట్టూ తీగ వేస్తారు. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలంటుంది. 2021లో కేంద్రం ఇచ్చిన అందుబాటు ప్రమాణాల్లో వినికిడి లోపం ఉన్నవాళ్ల సంగతి కూడా ఉంది. ఈ నాలుగు రోజుల్లో చెవి బొమ్మ బోర్డు నాకు ఒక్కచోటా కనిపించలేదు. ర్యాంపులు మాత్రం చాలాచోట్ల చూశాను. వాటికోసం ఎవరో పట్టుబట్టి అడిగి ఉంటారు. మేం కూడా అడగాలి. 2022లో ఆరాకాస్ట్ అనే కొత్త బ్లూటూత్ పద్ధతిని ప్రకటించారు. ఒక ప్రసారం పెడితే హాల్లో ఎంతమందైనా తమ మిషన్లలో నేరుగా వినవచ్చు. అది వినాలంటే దానికి తగ్గ కొత్త మిషన్లు కావాలి. నాలాంటి పాత మిషన్లవాళ్లకు తీగే దిక్కు. కొత్తది వస్తోందని తీగను వదిలేయకూడదని నా అభిప్రాయం.

కడపలో లాడ్జి శుభ్రంగానే ఉంది. కానీ రాత్రి మిషన్లు తీసి పడుకుంటాను, తలుపు కొట్టినా, ఇంటర్‌కమ్ మోగినా తెలియదు. ఏదైనా ఉంటే ఫోనుకు మెసేజ్ పెట్టమని రిసెప్షన్లో రెండుసార్లు చెప్పాను. పొద్దున వేడినీళ్లు ఏడింటికి ఆపేస్తామని ఇంటర్‌కమ్‌లోనే చెప్పారట. చన్నీళ్లతోనే స్నానం. అదే నిప్పంటుకునే సంగతైతే? ఆ ఆలోచనతో రెండో రాత్రి చెల్లి నా గదిలో పడుకుంది. ఇంకోటి, ఏసీ స్టెబిలైజర్ పక్కన 'టి'లో పెడితే జుయ్యిమని హమ్మింగ్ వస్తుంది. మంచం దానికి దూరంగా జరుపుకుంటే పోయింది. టీవీ ముందు మైకు పెట్టి వార్తలు విన్నాను, అది బాగుంది.

టిఫిన్ హోటల్లో ఎర్రకారం దోశ. స్టీలు ప్లేట్ల మోత, ఫ్యాన్లు, పక్క టేబుల్ వాళ్ల కేకలు. మైకును టేబుల్ మధ్యలో పడుకోబెట్టాం. ముగ్గురి మాటా వచ్చింది కానీ గ్లాసు పెట్టిన ప్రతిసారీ చెవిలో సుత్తి దెబ్బే. కింద మడతపెట్టిన కర్చీఫ్ వేశాక నయమైంది.

బ్రౌన్ గ్రంథాలయం తీరిగ్గా చూశాం. 1820లో కడపకు వచ్చిన దొర ఇక్కడే బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి తెలుగు గ్రంథాలు పరిష్కరింపజేశాడు. ఆ సాయంత్రం మరిది స్నేహితుడు మమ్మల్ని ఊళ్లోనే ఒక చిన్న సాహిత్య సభకు తీసుకెళ్లాడు. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. సభల్లో మైక్ సెట్ ఉంటే మాకు సులువనుకుంటారు. నిజానికి పెద్ద పెద్ద బాక్సుల నుంచి వచ్చే మాట గోడలకు కొట్టుకుని ముద్దయిపోతుంది. నేను మైక్ సెట్ అబ్బాయి దగ్గరికెళ్లి లైన్ అవుట్, అంటే మాటను వైరుతో బయటికి తీసుకునే రంధ్రం, ఉందా అని అడిగాను. నా మైకుకు చిన్న వైరు పెట్టుకునే రంధ్రం ఉంది. అతను సంచి వెతికి వైరు తీసి యాంప్లిఫైయర్ నుంచి దానికి కలిపాడు. ఒక్కసారి వాల్యూమ్ ఎక్కువైంది, చెయ్యి ఊపితే తగ్గించాడు. అంతే! వక్త కాగితం తిప్పిన చప్పుడుతో సహా వచ్చింది. ఒకాయన పద్యం రాగం తీసి చదివారు. ఆరో వరసలో కూర్చుని పద్యం మొత్తం విన్నాను, ప్రాస దగ్గర ఆయన గొంతు ఎక్కడ ఆగిందో కూడా. చెల్లి నా వైపు చూసి కళ్లు తుడుచుకుంది.

ఒంటిమిట్టలో మైకు సంచిలోనే ఉంచాను. గుళ్లో దాన్ని ఫోను అనుకుంటారు, మడిలో ఉన్న అర్చకులకు తగిలించమని అడగనూ కూడదు. వారం మధ్యలో వెళ్లాం కాబట్టి రద్దీ లేదు. ఒకే శిలలో సీతారామలక్ష్మణులు, పక్కన హనుమంతుడు లేని రాముడు. అర్చకస్వామి నా చెవుల వైపు చూసి రెండడుగులు ముందుకొచ్చి గోత్రం అడిగారు. మొదటిసారికే వినపడింది.

తిరుగుదారిలో టీ కోసం ఆగాం. చెల్లి కారు దిగి రోడ్డు దాటింది, కొంగుకు మైకు ఉన్న సంగతి మరిచిపోయింది. మీరు కూడా ఇది తీయడం, మ్యూట్ చేయడం మరిచిపోవద్దు, అవతలివాళ్ల సొంత మాటలు వినపడతాయి. నేను తీగ తీయబోతుంటే లారీల మోత మధ్యలోంచి చెల్లి గొంతు వచ్చింది.

"మూడు టీలు అన్నా. ఒకదాంట్లో చక్కెర తక్కువెయ్, మా అక్కకు."